కాడి మీద ఎంత, ఇరుసు మీద ఎంత: చిన్న ట్రైలర్‌పై బైకు తీసుకెళ్లే లెక్క

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. దాని మీదికి టూ వీలర్లను రానివ్వరు. అదే బైకు ఇంకో బండి మీద కూర్చుని వస్తే శంషాబాద్ దగ్గర ఎక్కి పటాన్‌చెరు దగ్గర దిగిపోవచ్చు. ఊళ్లో ఏళ్లుగా కదలని ఆర్‌ఎక్స్ 100ని రిపేరుకి తెచ్చుకునేవాళ్లు, రిజిస్ట్రేషన్ ఉండని రేసు బైకుని ట్రాకుకి తీసుకెళ్లేవాళ్లు, గడ్డల టైర్లు వేసిన ఎక్స్‌పల్స్ బైకుని తారు రోడ్డు మీద అరగదీయకుండా వికారాబాద్ వైపు మట్టిదారుల దాకా చేర్చాలనుకునేవాళ్లు, వీళ్లందరి అవసరమూ ఒకటే. ఆ అవసరానికి కారు వెనక తగిలించే చిన్న ట్రైలర్ ఒక దారి.

చూడ్డానికి అదొక ఇనప చట్రం, రెండు చక్రాలు, ముందొక కొక్కెం. వస్తువు అంత సులువుగా ఉంది కాబట్టే పొరపాటు ఎక్కడ జరుగుతుందో కంటికి కనిపించదు. నూటయాభై కిలోల బైకుని మోయడం దానికి కష్టమేమీ కాదు. ఆ బరువు ఇరుసుకి ఎంత ముందు కూర్చుందన్నదే అసలు ప్రశ్న. ఎడ్లబండి తోలినవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. వెనక బరువు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడ మీద నిలవదు, పైకి లేస్తుంది. ముందు బరువు ఎక్కువైతే మెడలు కుంగిపోతాయి. కారుకీ ట్రైలర్‌కీ మధ్య నడిచే వ్యవహారమూ ఇదే. అందుకే హిచ్ మీద, అంటే కారు వెనక ట్రైలర్‌ని తగిలించే చోట, కిందికి పడే బరువుని ఈ వ్యాసంలో కాడి బరువు అనే అందాం.

లెక్కల్లోకి వెళ్లేముందు కాగితాలు. 1988 మోటారు వాహనాల చట్టం దృష్టిలో ట్రైలర్ కూడా ఒక వాహనమే. దానికి సొంత రిజిస్ట్రేషన్, సొంత నంబరు ఉండాలి. రిజిస్ట్రేషన్ కావాలంటే అమ్మినవాళ్లు ఇచ్చే ఫారం 21, తయారీదారు ఇచ్చే ఫారం 22 కావాలి. వెల్డింగ్ షాపులో అడిగినట్టు చేసిచ్చిన ట్రైలర్‌కి ఆ రెండూ రావు. ఎంత చక్కగా చేసినా అది మీ పొలంలోనో, ఫ్యాక్టరీ ఆవరణలోనో తిరగడానికే పనికొస్తుంది. తక్కువ ధర చూసి తొందరపడేవాళ్లు ఇక్కడే మోసపోతారు. కొనే రోజే ఆ ఫారాలు చేతికిచ్చే తయారీదారు దగ్గరే కొనండి. కారుకి హిచ్ బిగించడం కూడా మార్పు కిందికి వస్తుందేమో, అదే చట్టంలోని 52వ సెక్షన్‌ని దృష్టిలో పెట్టుకుని ముందే ఆర్‌టీఏలో అడిగి తెలుసుకోవాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి, జవాబు కూడా రాతలోనే తీసుకోవాలి.

ఇంకో పుస్తకం మీ కారు డాష్‌బోర్డులోనే ఉంది. మన చిన్న కార్ల మాన్యువల్స్‌లో చాలావాటిలో ట్రైలర్ లాగవద్దనే ఉంటుంది. అలా ఉంటే ఆ కారుతో ఈ ఆలోచన మానుకోండి. లాగవచ్చని ఉంటే బ్రేకులు లేని ట్రైలర్‌కి ఎన్ని కిలోల దాకా అని విడిగా రాస్తారు. చూడాల్సింది ఆ అంకె. ఇంజన్ ఎంతైనా లాగుతుంది, ఆపాల్సింది మాత్రం కారు బ్రేకులే. వెనక మూడొందల కిలోలు తోస్తుంటే కారు ఆగే దూరం పెరుగుతుంది.

లెక్క ఇలా

హీరో స్ప్లెండర్ బరువు సుమారు 112 కిలోలు, పల్సర్ 150 సుమారు 148, ఎక్స్‌పల్స్ 200 సుమారు 160, క్లాసిక్ 350 సుమారు 195. చిన్న ట్రైలర్ అంటే నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, ఒకే ఇరుసు ఉన్నది అనుకుందాం. ఖాళీ బరువు 130 కిలోలు, హిచ్ నుంచి ఇరుసు దాకా 2.4 మీటర్లు. దాని మీద ఎక్స్‌పల్స్ ఎక్కించి, ర్యాంపు, బెల్టులు, ఇతర సామాను ఇంకో పది కిలోలు వేసుకుంటే మొత్తం 300.

కాడి బరువు మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ఉండాలి. అంటే ఇక్కడ 30 నుంచి 45 కిలోలు. ఖాళీ ట్రైలర్ మూతి, అంటే హిచ్‌కి తగిలే ముందు కొస, దానంతటదే 15 కిలోలు మోపుతుందనుకుంటే, మిగతా 15 నుంచి 30 కిలోలు బైకు వల్ల రావాలి. బైకు గరిమనాభి ఇరుసుకి ఎంత ముందుంటే అంత వస్తుంది? 15ని 2.4తో హెచ్చించి 160తో భాగిస్తే 0.225 మీటర్లు. 30కి 0.45. అంటే బైకు నడిమి బరువు ఇరుసుకి 22 నుంచి 45 సెంటీమీటర్లు ముందు పడాలి. బైకు గరిమనాభి దాదాపు రెండు చక్రాల నడిమధ్యే ఉంటుంది కాబట్టి, టేపు పట్టి ఆ మధ్యని గుర్తు పెట్టుకుంటే చాలు. ఎక్స్‌పల్స్ వీల్‌బేస్, అంటే రెండు చక్రాల నడుమ దూరం, 1410 మిల్లీమీటర్లు, సగం 705. కాబట్టి ముందు చక్రం నడిమి నట్టు ట్రైలర్ ఇరుసుకి 93 నుంచి 115 సెంటీమీటర్లు ముందుంటుంది.

ఇదే లెక్కలో బైకుని పది సెంటీమీటర్లు జరిపితే కాడి బరువు దాదాపు ఏడు కిలోలు మారుతుంది. బైకు నడిమి బరువు ఇరుసుకి పది సెంటీమీటర్లు వెనక పడిందనుకోండి, కాడి బరువు ఎనిమిది కిలోలకి దిగుతుంది, అంటే మూడు శాతం కన్నా తక్కువ. ఉండాల్సిన చోటుకి జానెడున్నర తేడా, అంతే. ఇంటి ముందు గల్లీలో ఇది తెలియదు. యాభై దాటాక ట్రైలర్ తోక అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. ప్రతి ఊపూ కారు వెనక భాగాన్ని పక్కకి లాగుతుంది, కారు కదలిక మళ్లీ ట్రైలర్‌ని విసురుతుంది. వేగం పెరిగేకొద్దీ ఈ ఊపు తనంత తాను తగ్గే గుణం కోల్పోతుంది. ఘాట్ దిగేటప్పుడు ట్రైలర్ వెనక నుంచి తోస్తుంది గనక ఇంకా ప్రమాదం.

ఊపు మొదలైతే చేయాల్సింది ఒకటే. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి. ఊపుకి ఎదురు తిప్పితే చేయి ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యంగా వెళ్లి ఊపుకే సాయం చేస్తుంది. గట్టిగా బ్రేకు కొడితే ట్రైలర్ మడత పడి కారు పక్కకి వస్తుంది. వేగం దానంతటదే తగ్గాక పక్కకి ఆపి బైకుని ముందుకి జరిపి మళ్లీ కట్టాలి. మెల్లగా పోదాంలే అని అలాగే బయల్దేరకండి.

కాడి బరువు కొలవడానికి ఇంట్లో బరువు చూసుకునే యంత్రం చాలు. సమతలమైన చోట ట్రైలర్ చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, యంత్రం మీద గట్టి స్టూలో చెక్క దిమ్మెలో పేర్చి, కారుకి తగిలించినప్పుడు మూతి ఎంత ఎత్తులో ఉంటుందో అదే ఎత్తులో దించండి. స్టూలు బరువు తీసేయడం మర్చిపోవద్దు. ఒకసారి సరైన చోటు దొరికితే ట్రైలర్ నేల మీద పెయింటుతో గీత గీసి, చక్రం ఇరుక్కునే గూడుని అక్కడే బోల్టులతో బిగించేయండి. తర్వాత ఎవరు ఎక్కించినా చోటు తప్పదు.

ఎక్కడ ఖర్చు పెట్టాలి

చవక ట్రైలర్‌లో నేల పలక లేకపోయినా నష్టం లేదు. బైకు చక్రాలు నడిచే ఒక సీ చానల్ (సీ ఆకారపు ఇనప కమ్మీ) చాలు. రంగు బాగాలేకపోయినా ఫర్వాలేదు. బాల్ (కారు హిచ్ మీది ఇనప గుండు), కప్లర్ (దాని మీద కూర్చునే ట్రైలర్ మూతి), చక్రాల నడిమి హబ్ బేరింగులు, టైర్ల విషయంలో మాత్రం రూపాయి వెనక్కి లాగకూడదు.

బాల్ కొలతలు మూడు కనిపిస్తాయి: ఒక అంగుళం మీద ఎనిమిదింట ఏడు వంతులు, 50 మిల్లీమీటర్లు, రెండు అంగుళాలు. మొదటిది 47.6 మిల్లీమీటర్లు, చివరిది 50.8. కంటికి మూడూ ఒకటే. రెండంగుళాల కప్లర్ 47.6 బాల్ మీద చక్కగా కూర్చుంటుంది, తాళం కూడా పడుతుంది. మొదటి పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద ఊడిపోతుంది. బాల్ నెత్తిన కొలత చెక్కి ఉంటుంది, కప్లర్ మీదా ఉంటుంది. రెండూ చదివి కలిపి చూసుకోండి. తాళం వేశాక మూతిని చేత్తో పైకెత్తండి, కారు వెనక భాగం దానితోపాటు లేవాలి. హిచ్ బ్రాకెట్ కారు చాసిస్ కమ్మీలకి బిగించాలి. బంపర్ కడ్డీకో, డిక్కీ కింద పల్చటి రేకుకో బిగించింది ట్రైలర్‌ని ఎక్కువ కాలం పట్టుకోదు.

కప్లర్ ఊడినా ట్రైలర్ రోడ్డు మీద వదిలిపోకుండా రెండు గొలుసులు ఉండాలి. వాటిని కప్లర్ కింద ఎక్స్ ఆకారంలో అడ్డంగా దాటించి కట్టాలి. అప్పుడు ఊడిన మూతి ఆ ఊయలలో పడుతుంది. అడ్డంగా దాటించకపోతే రోడ్డులోకి గుచ్చుకుంటుంది.

చట్రానికి 50×50×3 మిల్లీమీటర్ల చదరపు పైపు చాలు. మీటరుకి నాలుగు కిలోల పైనే తూగుతుంది. పగుళ్లు వచ్చేది మూతి కమ్మీ ముందు అడ్డకమ్మీని కలిసేచోట. ఆ కమ్మీ మీద అడ్డంగా వేసిన వెల్డింగ్ దాన్ని బలహీనపరుస్తుంది. కమ్మీ పొడవునా వేసిన వెల్డింగే నిలుస్తుంది. కొనేటప్పుడు ఆ అతుకు దగ్గర వంగి చూడండి. వాడుతున్నప్పుడు కూడా అక్కడ రంగులో వెంట్రుకంత గీత కనిపిస్తే అది పగులే. పైపుల అడుగున నీళ్లు కారే రంధ్రాలు లేకపోతే మన వానాకాలాలకి లోపలి నుంచే తుప్పు తింటుంది.

టైరు 145/80 ఆర్ 12 అయితే లోడ్ ఇండెక్స్ 74, అంటే ఒక్కో టైరు 375 కిలోలు మోస్తుంది. మన 300 కిలోలకి ధారాళం. ఆల్టో 800 సైజు అదే కాబట్టి స్టెప్నీ, ట్యూబు ఎక్కడైనా దొరుకుతాయి. కమాన్లు (ఇరుసు మీది స్ప్రింగు పట్టీలు) మాత్రం బలమైనవే మేలనుకుని మరీ గట్టివి వేయించకండి. అర టన్ను కోసం చేసిన కమాను మీద నూటయాభై కిలోలు పెడితే అది వంగనే వంగదు. ప్రతి గుంతలోనూ ట్రైలర్ ఎగురుతుంది, నట్లు వదులవుతాయి, బైకు బెల్టులు ఒక్కక్షణం సడలి కొక్కేలు జారిపోతాయి.

లైట్ల విషయంలో ఒకే ఒక్క మాట. ఎర్త్ వైరు విడిగా లాగించండి. బాల్, కప్లర్ ఇనుము తగులుతోంది కదా అని ఎర్త్‌కి దాన్నే నమ్ముకుంటే గ్రీజు వల్లా తుప్పు వల్లా అది ఉండీ ఉండనట్టు పనిచేస్తుంది. ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు మిణుకుమనడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

ఎక్కించడం

బైకు ఎక్కించేముందు ట్రైలర్ కారుకి తగిలించి ఉండాలి, కారు గేర్లో, హ్యాండ్‌బ్రేకు మీద ఉండాలి. విడిగా ఉన్న ట్రైలర్ వెనక అంచు మీదికి బైకు రాగానే తోక కిందికి దిగి మూతి గాల్లోకి లేస్తుంది.

ట్రైలర్ నేల 45 సెంటీమీటర్ల ఎత్తు, ర్యాంపు రెండు మీటర్లు ఉంటే వాలు 13 డిగ్రీలు. 160 కిలోల బైకుని దాని మీద తోయడానికి 36 కిలోల బలం కావాలి. అదే ర్యాంపు 70 సెంటీమీటర్ల ఎత్తుకి వేస్తే 56 కిలోలు. ఇద్దరు మనుషులున్నా రెండోది ఆయాసమే. అందుకే ట్రైలర్ నేల ఎత్తుకి తగ్గ ర్యాంపు పొడవు చూసుకోవాలి. ఇంటి పనుల్లో మిగిలిన సెంట్రింగ్ పలక వాడితే మధ్యలో వంగి బైకుని పక్కకి విసురుతుంది. ర్యాంపు ఏదైనా పై కొసని ట్రైలర్‌కి బెల్టుతో కట్టేయాలి. ఇంజన్ శక్తితో ఎక్కిస్తున్నప్పుడు వెనక చక్రం ర్యాంపుని వెనక్కి తన్నుతుంది. కట్టని ర్యాంపు జారి బైకు కింద పడే ప్రమాదం ఈ పని మొత్తంలో ఎక్కువగా జరిగేది.

ఎక్కించేవాళ్లు బైకుకి ఎడమ పక్కన నడవాలి. ఫస్ట్ గేర్, అరక్లచ్, యాక్సిలరేటర్ తక్కువ. బండి మీద కూర్చుని ఎక్కించొద్దు, పైకి వెళ్లాక కాలు పెట్టడానికి నేల ఉండదు. మధ్యలో ఆగాల్సి వస్తే ముందు బ్రేకుని నమ్మకండి. వాలు మీద బరువు ఎక్కువగా వెనక చక్రం మీద ఉంటుంది, తేలికైన ముందు చక్రం లాక్ అయినా వెనక్కి జారుతుంది. ఇంజన్ ఆపి, ఫస్ట్ గేర్లోనే క్లచ్ వదిలేయండి, వెనక చక్రం బిగుసుకుపోతుంది. దించేటప్పుడూ ఇదే పద్ధతి: ఇంజన్ ఆపేసి, గేర్లో ఉంచి, క్లచ్‌తో ఒక్కో అడుగు వదలాలి.

కట్టడం

సైడ్ స్టాండు వేసి తాడు లాగి కట్టడం మన దగ్గర ఎక్కువగా కనిపించే తప్పు. బెల్టు బిగించేకొద్దీ బరువంతా ఆ ఒక్క కాలు మీద పడుతుంది. వంద కిలోమీటర్ల గుంతల తర్వాత స్టాండు ఒంగుతుంది, లేదా అది వెల్డ్ అయి ఉన్న ఫ్రేము చోటు చీలుతుంది. మెయిన్ స్టాండు అంతకన్నా మేలేమీ కాదు, ఒక్క బ్రేకుకే ముందుకి దొర్లి దిగిపోతుంది. బైకు రెండు చక్రాల మీద నిటారుగా, స్టాండు ఎత్తేసి, సొంత షాక్ అబ్జార్బర్ల మీదే నిలబడాలి.

ముందు చక్రం గూట్లో ఇరికాక ముందు రెండు బెల్టులు వేయాలి. హ్యాండిల్ కొసలకి కాదు, ఫోర్కు రెండు పైపుల్నీ కలిపి పట్టుకునే కింది బిగింపుకి. హ్యాండిల్‌కి కడితే అది బిగింపులో తిరిగిపోతుంది, క్లచ్ కేబులూ బ్రేకు గొట్టమూ నలుగుతాయి. ఇనప కొక్కెం నేరుగా తగిలించకుండా మెత్తటి లూపు వేసి దానికి కొక్కెం పెట్టండి. బెల్టులు ముందుకీ పక్కకీ దాదాపు 45 డిగ్రీల కోణంలో దిగాలి. రెండు వైపులా ఒకేసారి, కొంచెం కొంచెంగా బిగిస్తూ ఫోర్కు సగం దాకా దిగేలా చూడాలి. సగం కన్నా తక్కువైతే గుంతలో ఫోర్కు ఇంకా దిగి బెల్టు సడలుతుంది. పూర్తిగా అడుగంటేలా బిగిస్తే ఆయిల్ సీళ్లు పోతాయి, గుంత దెబ్బని మింగడానికి చోటే మిగలదు. వెనక రెండు బెల్టులకి అంత బిగువు అక్కర్లేదు. సీటు కింది సబ్‌ఫ్రేముకో, వెనక ఫుట్‌రెస్ట్ బ్రాకెట్‌కో కట్టి తోక ఎగరకుండా ఆపితే చాలు. వెనక చక్రాన్ని విడిగా చానల్‌కి ఒక బెల్టుతో కట్టేయండి.

బెల్టు మీద రాసిన పెద్ద అంకె తెగే బరువు. పనికొచ్చే బరువు దానిలో మూడో వంతు. బ్రేకు కొట్టినప్పుడు లోడు ముందుకి తోసే బలం దాని బరువులో 80 శాతం, పక్కలకి 50 శాతం అని లెక్క వేసుకోవడం పద్ధతి. ఎక్స్‌పల్స్‌కి ముందుకి 128 కిలోలు, పక్కకి 80. ఒక్కో బెల్టు పనిబరువు 250 కిలోలుంటే నిశ్చింత. రాచెట్ బెల్టులు (పళ్ల చక్రంతో బిగించేవి) సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లో వెతకండి, లేబుల్ లేనిది తీసుకోవద్దు. పసుపుపచ్చ ప్లాస్టిక్ తాడు ముడి జారుతుంది. నైలాన్ తాడు సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. పాలియెస్టర్ బెల్టే సరైనది. యాంగ్లర్ అంచు మీదుగా పోయేచోట పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగితే కోసుకుపోదు. పొడవునా ఒక మెలిక వేస్తే గాలికి బుయ్యిమని అదరదు.

కార్బొరేటర్ బండి అయితే పెట్రోల్ కాక్ మూసేయండి. ట్యాంకులో పావు వంతు చాలు.

దారిలో

బయల్దేరిన ఐదు కిలోమీటర్లకి ఒకసారి ఆగండి. ఆ లోపే బెల్టులు సర్దుకుని వదులవుతాయి. అప్పుడే అరచేత్తో హబ్బులు తాకి చూడండి, గోరువెచ్చగా ఉంటే సరే. చేయి పెట్టలేనంత కాలుతుంటే బేరింగ్ మరీ బిగుసుకుని ఉంది, లేదా గ్రీజు లేదు. అలాగే పోతే చక్రం ఊడుతుంది. తర్వాత ప్రతి గంటకీ ఇదే తనిఖీ.

ఔటర్ మీద 120 వేగానికి అనుమతి ఉన్నా మీకు అరవై, డెబ్భై చాలు. అక్కడ కనీస వేగం 40 కాబట్టి అంతకన్నా తగ్గకుండా ఎడమ వరసల్లోనే పొండి. కాలనీ మలుపుల్లో ట్రైలర్ చక్రం కారు కన్నా లోపలికి కోస్తుంది, గేటు స్తంభాల దగ్గర వెడల్పుగా తిప్పాలి. చిన్న ట్రైలర్‌ని రివర్స్ చేయడం పెద్దదాని కన్నా కష్టం, చటుక్కున మడత పడుతుంది. స్టీరింగ్‌ని అడుగున పట్టుకుని, ట్రైలర్ ఎటు పోవాలో చేతిని అటు జరపండి. మడత పడబోతుంటే ముందుకి లాగి తిన్నగా చేసుకుని మళ్లీ మొదలుపెట్టండి.

ఏడాదికి ఒకటి రెండు సార్లే పని ఉంటే ఇదంతా అనవసరం, టాటా ఏస్ మాట్లాడుకోవడమే తెలివైన పని. దాని తొట్టి 2200 మిల్లీమీటర్ల పొడవు, 1490 వెడల్పు. రెండు మీటర్ల స్ప్లెండర్ తిన్నగా పడుతుంది. 2222 మిల్లీమీటర్ల ఎక్స్‌పల్స్ పట్టదు, ఐమూలగా పెట్టాలి, ఆ దిశలో 2.6 మీటర్ల పైన చోటుంది. డ్రైవరన్న దగ్గర తాడే ఉంటుంది కాబట్టి బెల్టులూ లూపులూ మీరే పట్టుకెళ్లండి. సైడ్ స్టాండు వేయొద్దని ముందే చెప్పండి. కాడి బరువు బెడద ఇక్కడ లేదు, కట్టే పద్ధతి మాత్రం అదే.

నెలకి రెండుమూడు సార్లు పని ఉన్నవాళ్లకే ట్రైలర్ గిట్టుబాటు. అయితే మిగతా రోజులన్నీ అది ఎండలో నిలబడి ఉంటుంది. దాని టైర్లు అరిగి పోవు, ముసలివై పోతాయి. పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే గాడి నిండుగా ఉన్నా మార్చేయాలి. ఎక్కువ రోజులు నిలిపేటప్పుడు ఇరుసు కింద ఇటుకలు పేర్చి టైర్లు నేలకి ఆనకుండా పెట్టి, మీద పట్టా కప్పండి. ఏడాదికోసారి, వానలు వెళ్లాక, హబ్బులు విప్పి పాత గ్రీజు పూర్తిగా తుడిచి కొత్తది కూరండి.